ఉత్తరం హద్దు

రాయగడ రిజిస్ట్రారు ఆఫీసు ఎదర
రేకుల షెడ్డులో మూడో బల్ల నాది.
తెలుగులో చెప్పింది ఒడియాలో రాస్తాను,
ఒడియాలో రాసింది తెలుగులో చదివి వినిపిస్తాను.
మధ్యలో ఏం జారిపోయినా
వేలిముద్ర పడ్డాక ఎవరూ వెతకరు.

ఈ ఏడు వరసగా నాలుగు అమ్మకానికొచ్చాయి,
స్టేషను వెనక కాంట్రాక్టర్ల వీధిలో ఇళ్ళు.
ఓడకుండే గుండ్రటి కిటికీల ఇల్లు మాఘంలోనే పోయింది.
చివరిదాని సంగతి చెప్పను,
దాని జాగాలో ఇప్పటికే బట్టల కొట్టు.

మూడోది దూసి గున్నయ్య గారిది. కలప వ్యాపారి.
యాభైతొమ్మిదిలో
డ్యాము పని ముగించుకుని పోతూ పోతూ
ఊళ్ళో ఆగిన ఓ కుర్ర ఇంజినీరు
కాగితం మీద రెక్కలు గీశాడట:
రెండు పక్కలా పైకి లేచి
నడుమ లోయలా దిగిపోయే కప్పు.
"ఏటిది, గాలికి గొడుగు తిరగబడ్డట్టు!" అని
సంతకొచ్చిన జనం అటుగా వచ్చి మరీ నవ్విపోయారు.
గొడుగిల్లు అంటే చాలు,
పోస్టుమేనుకి నంబరు అక్కర్లేకపోయింది.

ఆ ఇంటి నేల మా నాన్న వేశాడు.
బోనెల పారినాయుడు, మొజాయిక్ మేస్త్రి.
నల్ల ముక్కలు, పసుపు ముక్కలు, నడుమ ఇత్తడి బద్దలు,
ఆరు వారాలు మోకాళ్ళ మీద రుద్దుడు.
"నునుపు కంటికి తెలీదే,
అరికాలికి తెలుస్తాది" అనేవాడు.
పనయ్యాక ఆ నేల మీద తను నడిచింది ఒక్కసారే,
చెప్పులు చేత్తో పట్టుకుని,
బకాయి అడగడానికి.

నిన్న కొలతలకి వెళ్ళాను.
కొనే కుర్రాడిది భవానీపట్నం, సెల్‌ఫోన్ల వ్యాపారం.
మంచివాడే, నాకూ టీ తెప్పించాడు.
ఎన్ని డిసిమిళ్ళు, రోడ్డు ఎన్నడుగులు,
అంతకుమించి అడగలేదు.
అమ్మేవాళ్ళు గున్నయ్య గారి కూతుళ్ళు.
హైమావతి గారు గోడలో ఖాళీ గూడు తడిమి
"ఇక్కడ రేడియో.
కటకం పట్టేది కాదు, బెజవాడ పట్టేది,
వానొస్తే రెండూ పట్టేవి కావు" అంది.
చెల్లెలు నవ్వలేదు, తాళాలు లెక్కపెట్టుకుంటోంది.

సిమెంటు జాలీ ఎండని జల్లెడ పట్టి
నాన్న నేల మీద పోస్తోంది.
చెప్పులు విప్పాను. ఎవరూ విప్పమనలేదు.
గది మూల ఒకచోట
ఇత్తడి బద్ద వేలెడు మేర వంకర.
ఆరు వారాలు రుద్దిన మనిషికి కనబడకుండా ఉంటుందా?
అలిగి వంచాడో, కునికి వంచాడో.

అంతలో నియమగిరి మీంచి వాన దిగింది.
రెండు రెక్కల నీళ్ళూ లోయలో కలిసి
సిమెంటు ముక్కులోంచి ఒక్క ధారగా
ఉత్తరం వేపు తొట్టిలో పడ్డాయి.
కుర్రాడు మొదటిసారి తలెత్తాడు.
"నీళ్ళు ఎటు పోతాయి?"
ఇంటిని గురించి ఆయన అడిగింది అదొక్కటే.

అరవై దాటిన కట్టడానికి మా పట్టికలో విలువ లేదు.
సున్నా నా చేత్తోనే చుట్టాను,
గుండ్రంగానే వచ్చింది.
నేలకి గడి లేదు. కప్పుకీ లేదు.
హద్దులకి మాత్రం నాలుగు.

తూర్పు, మునిసిపాలిటీ రోడ్డు.
దక్షిణం, బెహరా వారి ఖాళీ జాగా.
పడమర, రైల్వే కంచె.
ఉత్తరానికి సందు అంటే సరిపోను.
"రెక్కల కప్పు వాననీళ్ళు దిగే తొట్టి,
దాన్నానుకుని సందు" అని రాశాను.
రెక్కల కప్పుకి ఒడియాలో మాట తోచక
తెలుగు మాటనే ఒడియా అక్షరాల్లో కూచోబెట్టాను.

దసరా వెళ్ళాక కూలగొడతారు.
కానీ హద్దులు ఎవరూ కొత్తగా రాయరు,
పాత కాగితం చూసి దించుతారు,
ముప్పై ఏళ్ళుగా నేను చేస్తున్నదీ అదే.
అక్కడ మేడ లేచి, అదీ చేతులు మారేనాటికి
ఈ బల్ల దగ్గర ఇంకెవరో
"ఏ కప్పు? ఏ తొట్టి?" అని తల గోక్కుంటారు.
గోక్కుని,
అలాగే దించుతారు.