నురగ

గుంటూరు మిర్చియార్డులో బస్తా కొక్కెం
నాగుల్ మీరా అరచేతిలో దిగింది.
డ్రెస్సింగ్ గదిదాకా ఘాటు వెంటొచ్చింది;
ముందు ఇద్దరం తుమ్ముకున్నాం.

పెరాక్సైడ్ పోశాను.
బుస్సున తెల్లగా పొంగింది.
"చీము చస్తోందా సిస్టరమ్మా?"

చీమెక్కడిదయ్యా, నీ నెత్తుటి పనే అది.
కెటలేజ్ అని, నాలుగు పోగుల ఎంజైము,
పోగు పోగునా ఒక ఇనుప రేణువు.
నువ్వు బస్తా ఎత్తినప్పుడల్లా
లోపలా ఊరుతుంది ఈ మందే, విషంగా.
దాన్ని నీళ్లుగా, ప్రాణవాయువుగా విడగొట్టి
మళ్లీ ఖాళీ చేతులతో నిలబడుతుంది,
సెకనుకు లక్షలసార్లు,
కూలి అడగకుండా.

అతను కొక్కెం వంక చూశాడు.
"ఇదీ ఇనుమేగా.
తుప్పు పట్టింది."

టీటీ సూది గుచ్చాను.
నురగ అణిగింది.
ఎడంచేతి వేలిముద్ర వేసి
లారీ కదులుతోందని పరిగెత్తాడు.