రెండో తరగతి, మూడోసారి

జూన్ ఎండ సెతూబల్ రేవు దాటి
స్టాఫ్ రూమ్ బల్ల మీదికి జారింది.
రిజిస్టర్లో ఎడ్మిల్సన్ పేరు పక్కన
ఒక గడి ఖాళీ.
"ఆపుదామా, పంపుదామా?"
గ్రసియెత్ గారి పెన్ను మూత తీసే ఉంది.

ఆపితే
అదే బెంచీ, అదే పుస్తకం, ఏడో పేజీలో అదే బాతు.
మోకాళ్ళు మాత్రం బల్లకి తగులుతున్నాయి.
సెప్టెంబర్లో చెల్లెలొచ్చి పక్కన కూర్చుంటుంది.
పంపితే
ఈత రానివాణ్ణి లోతుకి జరిపి
ముందుకెళ్ళాడని రాసుకోవడం.

నాకు తెలిసింది ఇంతే:
బి పొట్ట కుడికో ఎడమకో వాడికింకా తేలలేదు.
ఇంట్లో కేప్ వెర్ద్ మాట, బడిలో ఇంకో మాట,
నడుమనున్న మెట్ల మీద నోరు మూసుకుంటాడు.
మొన్న గురువారం, అందరూ వెళ్ళాక,
పళ్ళెంలో ఉప్పు పోసి వేలితో రాయించాను.
నాలుగుసార్లు చెరిపాడు.
ఐదోదాన్ని నన్ను ముట్టుకోనివ్వలేదు,
పళ్ళెం తొణక్కుండా ఎత్తి పట్టుకున్నాడు.

"మంగళ, గురువారాలు నాకివ్వండి," అన్నాను.
"గంట చొప్పున. జీతం అడగను."
నాలుక కరుచుకుని,
"అడుగుతాను," అన్నాను.

ఎవరో నవ్వారు.
గ్రసియెత్ గారు మార్జిన్లో
రెండు వారాల పేర్లు రాసి కింద గీత గీశారు.
గడి ఇంకా ఖాళీయే.