ఖాళీ చేసే దారి

కంచం కింద గ్రాఫ్ కాగితం పరుచుకుని
మూడు రోజులుగా అన్నం తింటున్నాను.
రేడియేటర్ పైన బిగించాలా, ముందువైపా?
పప్పు మరక పడ్డచోట
ప్రస్తుతానికి పంపు ఉందనుకున్నాను.

ఎందుకీ తంటా అంటే, ఆటకే.
నలభై ఆరేళ్ళ మనిషిని,
డ్యూటీ దిగొచ్చి, రాత్రి రెండింటికి,
తెర మీద చిన్న విమానాలు దించుతాను.
రన్‌వే దగ్గర మబ్బు కమ్మిందంటే చాలు
పాత పెట్టె
మిక్సీలో నానని మినప్పప్పు వేసినట్టు అరుస్తుంది.
గోడ అవతలినుంచి గ్రెటా రెండుసార్లు తడుతుంది.
ఇక జనవరిలో, వులంగాంగ్‌లో,
కొండ మీంచి వడగాలి దిగిన రాత్రి
ఆ పెట్టె పక్కన కాలు పెట్టి చూడండి.

అందుకే ఈసారి ఫ్యాన్లకి నీళ్ళొదిలేసి
నీళ్ళనే నమ్ముకుందామని.

"కరెంటూ నీళ్ళూ ఒకే డబ్బాలోనా?" అంది మారిసెల్,
టీ తాగుతూ, నా జీతం తనదైనట్టు.
ముందు ఆరు వందల డాలర్లనుకున్నాను.
ట్యూబు తిరిగిన ప్రతి మూలకీ ఒక ఫిట్టింగు,
ప్రతి ఫిట్టింగుకీ పద్నాలుగు డాలర్లు.
నీళ్ళ వ్యవహారం కదా,
లెక్క తడిసి మోపెడయింది.

ట్యూబులంటే మాత్రం నాకు బెదురు లేదు.
పందొమ్మిదేళ్ళుగా డయాలసిస్ వార్డులో
రోజూ కట్టి, రోజూ విప్పే పనే.
గాలి బుడగ ఎక్కడ దాక్కుంటుందో తెలుసు,
వేలి గోటితో ఎక్కడ మీటితే కదులుతుందో తెలుసు.
పెట్టెలో నీళ్ళు నింపాక
అటూ ఇటూ వంచి, వీపు నిమిరి,
పసిబిడ్డకి తేన్పు రప్పించినట్టు
బుడగలన్నీ పైకి రప్పించాలిట.
అది చదివి నవ్వుకున్నాను. ఇదా కష్టం!

మంగళవారం, ఏడో కుర్చీ.
మెర్విన్ డాసన్, ఉక్కు ఫ్యాక్టరీలో
ముప్పై ఏళ్ళు పైపులు బిగించినవాడు.
ఎడమచేతికి రెండు సూదులు.
ఖాళీగా ఉన్న కుడిచేత్తో నా కాగితం అందుకుని
కళ్ళజోడు ముక్కు చివరికి దించాడు.

"రాగి ఎంత? అల్యూమినియం ఎంత?"
అంతా రాగేనన్నాను.
"మంచిది. ఆ రెండూ ఒకే నీళ్ళల్లో కాపురముంటే
ఒకదాన్నొకటి తినేస్తాయి."
తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.
నిద్రపోయాడనుకుని కాగితం తీసుకోబోయాను.

"నింపే దారి బాగానే గీశావు.
ఖాళీ ఎట్లా చేస్తావు?"

నేను నీళ్ళు నమిలాను.
నీరు పల్లమెరుగు అంటారు మావైపు.
పల్లం ఎక్కడో
నేనే గీయలేదు.

"అందరూ ఇంతే" అన్నాడు, కోపమేమీ లేకుండా.
"ఏడాదికోసారి ఆ నీళ్ళు మార్చాలి కదా.
అప్పుడు పెట్టె తలకిందులు చేసి కార్పెట్ మీద పోస్తావా?"
మిషను పక్కన తెర మీద అంకెలు మారుతున్నాయి.
ఆయన ఒంట్లోంచి ఇంకా
కిలోన్నర నీళ్ళు దించాలి ఇవాళ.
దాహమేస్తే చెంచాడు ఐసు ముక్కలు,
రోజు మొత్తానికి ఒక లీటరు, గీత గీసిన సీసాలో.
అట్లాంటి మనిషి
నా పెట్టె కొలతలన్నీ వేళ్ళ మీద కూడి
"దీనికి లీటరున్నర పోయి,
తక్కువ చేయకు" అన్నాడు.

ఇంటికొచ్చి రబ్బరు పెట్టి తుడిచాను.
పప్పు మరక పోలేదు, పంపు అక్కడే ఉంది.
అన్నిటికంటే అడుగున, అది కూడా పెన్సిల్‌తోనే,
ఒక టీ ముక్క, దాని కొసన వేలెడు కుళాయి.

ఇంకా ఏమీ కొనలేదు.
కారుతుందేమోనని కీలు కీలుకీ చుట్టాల్సిన
టిష్యూ కాగితాలు మాత్రం వంటింట్లో ఉన్నాయి.

కుళాయి పద్దెనిమిది డాలర్లు.
ప్రాసెసర్ కంటే పైన రాశాను.