ఏడో బొత్తాం

నవంబరు శనివారం, వుల్వర్‌హాంప్టన్ స్టేషన్,
రెండో ప్లాట్‌ఫాం.
అందరూ ఫుట్‌బాల్ మఫ్లర్లలో,
నేనొక్కదాన్ని మునిగిపోబోయే ఓడ మనిషిలా.
వాన కోటు మీద పడి జారిపోతోంది.
మైనం రుద్దాను మరి, రెండు రాత్రులు,
కొవ్వొత్తి ముక్కతో, ఇస్త్రీపెట్టెతో.

కోటంటే కోటేం కాదు,
ఛారిటీ షాపులో నాలుగు పౌన్ల కర్టెను.
భుజాల మీది ఇత్తడి రేకులు పాత యోగా చాప.
హీట్ గన్ కింద అప్పడంలా ముడుచుకుని
మూడోసారికి మాట విన్నది.
నడుముకి వేలాడే లాంతరు పచ్చడి సీసా.
లోపల చిన్న బల్బూ, బ్యాటరీ,
ఎంత కడిగినా వదలని మెంతిపిండి వాసనా.

వారమంతా నేను
కౌన్సిల్ ట్యాక్సు బకాయిల ఉత్తరాలు రాస్తాను.
ఇదే ఆఖరి హెచ్చరిక, అని.
అడుగున సంతకం, సుభాషిణి.
ఆ పేరు చూసి సంతోషించిన గుమ్మం ఈ ఊళ్ళో లేదు.

కోటి విద్యలూ కూటి కొరకే అంటారు.
ఇది కోటిన్నొకటోది.
దీనివల్ల వేలు కాలింది, కార్పెట్ కాలింది,
మా ఆయన రెండు వారాలు
డైనింగ్ టేబుల్ మీద ఆశ వదులుకుని
మెట్ల మీద కూర్చుని అన్నం తిన్నాడు.

పగటివేషగాళ్ళు వీధిలోకొస్తే
అమ్మమ్మ వేషం చూసేది కాదు, కుట్టు చూసేది.
శివుడైతే శివుడు గానీ
ఆ పులితోలు అంచు మడవలేదే నాయనా, అనేది.
వేసిన బియ్యం మాత్రం తక్కువేసేది కాదు.

బర్మింగ్‌హామ్‌లో, హాలు గుమ్మం దగ్గర
కత్తుల్ని టేపుతో కొలుస్తున్నారు.
నా లాంతరు మూత తీసి వాసన చూసి
తనిఖీ పిల్ల తుమ్మింది.
పొమ్మంది.

లోపల రెక్కలున్నవాళ్ళు పక్కవాటుగా నడుస్తున్నారు.
ఒక రాక్షసరాజు టాయిలెట్ క్యూలో
కొమ్ములు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.
నన్ను ఆపి అడుగుతారు, నువ్వెవరు?
నెస్ట్రా, అంటాను.
రెండో సీజను, ఐదో ఎపిసోడ్,
ఓడ మునిగే ముందు
దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ పోతుంది చూడండీ.
పదకొండు సెకన్లు. మాటలుండవు.
ఓహో, అంటారు మర్యాదగా.
విప్పకుండా పక్కన పెట్టిన కవరు చప్పుడు.

మూడున్నరకి ఎస్కలేటర్ మీద పైకి పోతున్నాను.
పక్కన కిందికి దిగేదాని మీద
నేను.

అదే కోటు, అదే నీరు పట్టిన నీలం.
ఆవిడకి అరవై దాటుంటాయి,
చేతికర్రకి ఓడ తాడు చుట్టింది.
భుజాల రేకులు బిస్కెట్ డబ్బా మూతలు,
అసలైన తగరం, కదిలితే మోగుతున్నాయి.
లాంతరు సైకిల్ దీపం.
ఒకే లెక్కని ఇద్దరం
ఎవరింట్లో వాళ్ళం తలుపేసుకుని
ఎవరి తప్పులు వాళ్ళం చేసుకుంటూ చేశామన్నమాట.

అరవలేదు. చేతులూపలేదు.
ఎదురెదురుగా వచ్చినప్పుడు
ఆమె తన దీపం ఆర్పింది.
నేను నాది ఆర్పాను.
ఎస్కలేటర్లు వాటి పని అవి చేసుకుపోయాయి.

నేను చుట్టూ తిరిగి కిందికొచ్చేసరికి
జనం, జనం,
తగరం చప్పుడు ఎక్కడా లేదు.

కానీ ఆ మూడు సెకన్లలో లెక్కపెట్టాను,
అమ్మమ్మ కళ్ళు ఎక్కడికి పోతాయి?
ఆమె కోటుకి ఏడు బొత్తాలు.
నాకు ఆరే.

రాత్రి కోటు విప్పకుండానే
టీవీలో బొమ్మ ఆపి దగ్గరికెళ్ళి చూశాను.
నాలుగు, ఐదు, ఆరు.
ఏడోది ఉండాల్సిన చోట
దీపం మీదికి పోతూ నెస్ట్రా చెయ్యి.
ముందుకి జరిపితే చీకటి.
వెనక్కి జరిపితే చెయ్యి.

ఇంకా పడుకోలేదా, అని పైనుంచి ఆయన.
బొత్తాల డబ్బా బోర్లించాను.
ఇత్తడివి ఐదున్నాయి, అన్నీ కాస్త పెద్దవే.
సరే, దొరికినప్పుడు దొరుకుతుంది,
కాజా మటుకు ఇప్పుడే కుట్టేస్తాను.