ఉడుంపట్టు

రాత్రి పదకొండున్నర.
హార్బర్ గేటు దగ్గర కంటైనర్ లారీ ఇంజన్ ఆపలేదు.
లోపల పద్నాలుగు టన్నుల రొయ్య, గడ్డకట్టి.
మేనేజరు గంటకి నాలుగుసార్లు ఫోను:
"ఏటమ్మా, నీలం వొచ్చిందా?"

రాలేదు.
తొంభై ఆరు గుంటల పలకలో
ఒక్క గుంటా నీలం తిరగలేదు.

మా పరీక్షలో రంగే శుభం.
మందు తిన్న రొయ్య దగ్గర రంగు చావాలి,
తినని రొయ్య దగ్గర పొంగాలి.
ఇవాళ, రొయ్య మొహమే ఎరగని
ఉత్త బఫరు పోసిన మొదటి వరస కూడా
తెల్లమొహం వేసింది.
అంటే తప్పు రొయ్యది కాదు.
మాది.

నూకరత్నం చేరి పదకొండు రోజులు.
పెదజాలారిపేట పిల్ల.
వాళ్ళమ్మ ఎండుచేపల తూకంలో ముల్లు కదలనివ్వదట;
పిపెట్టు మీద ఈ పిల్ల బొటనవేలు కూడా అంతే.
"ఎంజైము వేశావా?"
"ఏశానండి. ఐదువేల వంతు. మీరు సెప్పినట్టే."

ఆ చిన్న సీసాలో ఏముందో
ఎప్పుడూ చెప్పలేదు దానికి, పోయడం మాత్రమే నేర్పాను.
తొలకరి పడ్డాక కైలాసగిరి వాలు మీంచి
మట్టి వాసన దిగుతుంది కదా,
ఆ వాసన పుట్టించే సూక్ష్మజీవుల వంశంలో
పుట్టిన ప్రోటీను అది.
నాలుగు చేతులు. నాలుగూ ఖాళీ.
వీపున ఒక ఎంజైము మూట,
ఎక్కడో చలిదేశంలో ముక్కు మండించే వేరులోంచి తీసినది.
బయోటిన్ ఒక్కదాని కోసమే వెతుకుతుంది.
దొరికిందా, ఉడుంపట్టు.
ఉప్పునీళ్ళు పొయ్యి, సబ్బునీళ్ళు పొయ్యి,
ఐదుసార్లు కడుగు, వదలదు.
పట్టు చిక్కిన చోట మూట విప్పుతుంది.
అదే నీలం.

"ఖాళీలు పూడ్చడానికి ఏం పోశావు?"

కాసేపు ఫ్రిజ్ మోత ఒక్కటే.

"ఆల్బుమిన్ అయిపోయిందండి.
పాత రిజిస్టర్లో పాలపొడి అని రాసుంది.
ఎంజైము కూడా అందులోనే కలిపాను."
"ఎక్కడి పాలపొడి?"
"మన టీ డబ్బాలోదండి."

నవ్వొచ్చింది. రాకూడని నవ్వు.
పాలల్లోనూ బయోటిన్ ఉంటుంది.
పలక దాకా రాకముందే, గ్లాసులోనే,
నాలుగు చేతులూ పాలనే పట్టుకున్నాయి.
ఎంజైము చావలేదు. పట్టు సడలలేదు.
పట్టుకున్నదే వేరు.
అసలు మనిషి ఎదురుపడేసరికి
ఒక్క చెయ్యీ ఖాళీ లేదు.

గాజువాకలో మా చెల్లెలి ఇంటికీ నా ఇంటికీ మధ్య
ఒక గోడ. మూరెడు జాగా.
తొమ్మిదేళ్ళు.
ఫోను తీశాను.
మేనేజరుకి చేశాను: "తెల్లారాక చెబుతాను."

వాచ్‌మన్ యెర్రినాయుణ్ణి లేపి
పై అంతస్తు తాళం తీయించి
ఆల్బుమిన్ అప్పు తెచ్చుకున్నాం, చిటికెడు.
నిన్న పూత పూసిన పలక ఇంకోటి ఉంది.
పూడ్చడం, కడగడం, నమూనా,
తోకకి బయోటిన్ కట్టిన యాంటీబాడీ, మళ్ళీ కడగడం.
ఎంజైము ఈసారి నేను కలపలేదు.
"నువ్వే వెయ్యి," అన్నాను.

నాలుగుంబావుకి మొదటి వరస
అంచుల నుంచి మొదలుపెట్టి
నీలం తిరిగింది.
"ఒలమ్మ!" అంది, అంతే.
ఆమ్లం చుక్క వేస్తే నీలమంతా పసుపయ్యింది.
"నీలమే బాగుందండి."
"నీలం నిలవదే. యంత్రం చదివేది పసుపునే."

పదకొండో నమూనా గుంటలు రెండూ
తెల్లగానే ఉండిపోయాయి.
వాటిని చాలాసేపు చూసింది నూకరత్నం.
"ఇది నా తప్పు కాదు కదండీ?"
కాదు.
ఆ చెరువు పెట్టెలు దించాలి.
ఫోన్లో అదే చెప్పాను; మేనేజరు ఈసారి
ఏటమ్మా అనలేదు.

కిటికీ అవతల
చేపల పడవలు ఒక్కొక్కటే ఇంజన్లు వేస్తున్నాయి.
టీ పెట్టింది నూకరత్నం.
డబ్బాలో పాలపొడి లేదు.
డికాషన్ తాగాం, ఇద్దరం,
చేదుగా, వేడిగా.