పెట్టె మీది ఊరు

ఆ ఊరి పేరు పలకడం నాకింకా రాదు.
మొదటి అక్షరం నెత్తిన చిన్న సున్న.
మన సున్న బుద్ధిగా పక్కన కూచుంటుంది,
వాళ్ళది తిరనాళ్ళలో చంటోడిలా
భుజాలెక్కి చూస్తోంది.

తొమ్మిదేళ్ళుగా దాన్ని దించుతున్నాను
రస్ అల్ ఖైమా చేపల కోల్డ్ స్టోరేజీలో.
తెల్ల థర్మోకోల్ పెట్టె, ఇరవై కిలోలు.
మూత మీద రెండు కొండలు, నడుమ నీళ్ళు,
కొండ కింద అగ్గిపెట్టెలంత ఇళ్ళు.
మూత తీస్తే ఐసు, ఐసులో రెప్పల్లేని కళ్ళు.
నార్వేలో ఆ ఊరు నేను చూసింది ఆ మాత్రం,
మళ్ళీ మూత పెట్టేదాకా.

పండక్కి మూడ్రోజులు సెలవిచ్చారు.
"నార్వే పోదాం రండి, గంటన్నర దారి" అన్నాడు ఏసుపాదం.
కాగితంలో అలాగే వేశారట: ఖసబ్, అరేబియా నార్వే.
గుల్ జమాన్ కారు. వెనక సీట్లో నేనూ, కమలాపళ్ళ సంచీ.
సరిహద్దులో ముద్ర కొట్టేవాడు
మా చేతులకేసి చూసి, ఏం పని మీద అన్నాడు.
చూడ్డానికి, అన్నాను.
ఈ దేశాలొచ్చాక ఆ జవాబు చెప్పడం అదే మొదలు,
కొత్త చెప్పులా కరిచింది.

పడవెక్కే ముందు పాత చెప్పులు విప్పించారు.
తివాచీ, దిళ్ళు, ఖర్జూరం, యాలక్కాయ వాసన కాఫీ.
మాది అంతర్వేది పల్లిపాలెం. పడవలో దిండు నేనెరగను.
ఒరగడం చేతగాక
లంగరు తాడు చుట్ట మీద కూచున్నాను.

కొండలంటే కొండలే! గడ్డిపరక లేదు.
పూతరేకు మడతల్లా పొర మీద పొర,
నేతిచుక్క తగలని పూతరేకు,
ఎండలో వేగి వేగి
సముద్రంలోకి కాళ్ళు చాపుకుంది.
నీళ్ళు మాత్రం నీలిమందు ఒలికినట్టు.
డాల్ఫిన్లు లేచాయి. అందరూ ఫోన్లు లేపారు.
నేను వల ఎటు వెయ్యాలో చూశాను, అలవాటు.

ఒక దిబ్బ చూపించారు. పూర్వం తెల్లదొరలు
తీగ మీద కబుర్లు పంపిన చోటట.
మొండిగోడలు, ఎక్కడికీ పోని మెట్లు.
నా ఫోన్లోనూ గీతలు లేవు.
కాసేపు హాయిగా ఉంది, చెప్పకూడదు గానీ.

సరంగు హమూద్‌ని అడిగాను, నార్వే ఇలాగే ఉంటుందా అని.
అతనూ చూళ్ళేదు.
"నిజం నార్వే మనిషి ఒకాయనొచ్చాడు, ముసలాయన.
రోజంతా టోపీ మొహమ్మీద పెట్టుకుని పడుకున్నాడు.
దిగేటప్పుడు ఒకటే మాట: మా దగ్గర వాన పడుతుంది.
పొగిడాడో తిట్టాడో ఇప్పటికీ తెలీదు."

మలుపు తిరిగితే సీబీ. దారి లేని ఊరు.
వెనక కొండ, ముందు నీళ్ళు, వేళ్ళ మీద లెక్కకొచ్చే ఇళ్ళు.
తాగే నీళ్ళూ పడవెక్కే రావాలి.
గట్టున ముసలమ్మ గొట్టం పట్టుకుని
మేకలకి నీళ్ళు వదుల్తోంది
తెల్లపెట్టెలోకి.
రెండు కొండలు, నడుమ నీళ్ళు,
నెత్తిన సున్న.

"ఒరేయ్, మన పెట్టెరా!" అరిచాను.
ఏసుపాదం సెల్ఫీలో ఉన్నాడు.
హమూద్ నవ్వాడు. ఐసు కోసం చేపలోళ్ళు తెస్తారట,
ఐసు కరిగాక మేకలవి.
ఆ ఊళ్ళో మూతి ముంచి తాగి తాగి
ఒక మేక తలెత్తింది. గడ్డం నించి చుక్కలు.
అక్కడి వాన ఇలా ఉంటుందేమో.
ఉండదని నాకూ తెలుసు.

ముసలమ్మ చెయ్యూపింది, నాకో పడవకో.
తాడు చుట్ట మీంచి లేచి నిలబడ్డాను,
రెండు చేతులూ ఎత్తి.

సోమవారం మళ్ళీ డ్యూటీ.
మొదటి పెట్టె దించి, చుట్టూ ఎవరూ లేరని చూసి
సున్న మీద వేలుంచి
ఆ పేరు పలికాను, నాకు వచ్చినట్టు.
నోట్లోంచి పొగొచ్చింది.
అంతర్వేది అని కూడా అని చూశాను.
అంతే పొగ.