కుక్క లేని వంపు

అయిదువందల కిలోమీటర్ల పైనుంచి చూస్తే
మా ఊరి ఉత్తరపు కొండవాలు
ఎవరో పాలు తాగుతూ తుమ్మినట్టుంటుంది.
అన్నీ తెల్ల చుక్కలు.
ఒక్కో చుక్కా ఒక గెర్:
ఉన్ని కప్పిన గుండ్రటి ఇల్లు, నడిమధ్య పొయ్యి,
పొయ్యి చుట్టూ అయిదారు ప్రాణాలు.

ఉలాన్‌బాతర్ రవాణా కార్యాలయం, మూడో అంతస్తు.
నేలకు రంగులెయ్యడం నా ఉద్యోగం.
ఇళ్ళకు పసుపు, దుకాణాలకు ఎరుపు,
బడికి నీలం, ఏమీ లేనిచోటికి బూడిద.
రంగులు పడ్డాక
ఎవరు ఎక్కడినుంచి ఎక్కడికి ఎన్నింటికి కదులుతారో
లెక్క తేలుతుంది.
లెక్క తేలాక బస్సుకు దారి పడుతుంది.
చెప్పుకోడానికి ఇంతే.

జనవరి చిత్రాలు పనికిరావు.
బొగ్గుపొగ ఊరి మీద మూతేసి కూర్చుంటుంది,
యంత్రం దాన్ని మబ్బు అనుకుంటుంది,
‘మబ్బు: తొంభై ఒక్క శాతం’ అని రాస్తుంది.
అందులో మా పిన్ని దగ్గు కూడా ఉంది.
దానికి గడి లేదు.

మే నెల చిత్రం మంచిది.
మంచు పోయి, గడ్డి ఇంకా రాక
నేల ఒళ్ళు దాచుకోకుండా పడుంటుంది.
అందులో కనబడింది,
పన్నెండో వీధి కంచెల చివర్నుంచి
నీళ్ళ కొట్టు దాకా వెంట్రుకంత గీత.
ఏ ప్రభుత్వమూ వెయ్యలేదు.
కాళ్ళు వేశాయి, నీళ్ళ డబ్బాల బళ్ళు వేశాయి.
సూటిగా దిగి దిగి సగం దారిలో
ఉన్నట్టుండి ఎడమకు వంగి
అర్ధచంద్రంలా తిరిగి
మళ్ళీ తన దారిన పడింది.

వంపు లోపల ఏమీ లేదు.
బండ లేదు, గొయ్యి లేదు, కంచె లేదు.
నిరుటి చిత్రంలో లేదు, ముందటేడూ లేదు.
యంత్రం బూడిద పూసి ముందుకు పోయింది.
నాకు మాత్రం పంటిసందున మాంసప్పీచులా
ఆ వంపు.

సోమవారం వెళ్ళాను,
చంకలో పటం, వెనక డ్రైవరు గొణుగుడు.
బండి లాక్కుంటూ ఎదురొచ్చింది ఖోర్లో అవ్వ.
రెండు డబ్బాలు, ఎనభై లీటర్లు.
‘ఇక్కడెందుకవ్వా చుట్టూ తిరుగుతారు?’
పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.
‘లువ్సన్‌దాష్ వాళ్ళ కుక్క.’
‘ఏదీ?’
‘చచ్చిపోయింది.’
‘ఎప్పుడు?’
‘వాళ్ళు గెర్ విప్పుకుని గోబీ వైపు పోయిన ఏడు.
మా మనవడికి అప్పుడు నడక రాలేదు,
ఇప్పుడు లెక్కల్లో తప్పాడు.’
మాట్లాడుతూనే వంపు తిరిగింది.
బండీ తిరిగింది.
మేజోడు జారిన చోట, మోకాలి కింద,
నాలుగు పళ్ళ తెల్ల మచ్చ.

ఆ రాత్రి ఆఫీసులో ఉండిపోయి
తొమ్మిదేళ్ళ వెనక్కి వెళ్ళాను.
ఉంది. వంపు నడుమ ఒక తెల్ల చుక్క,
చుక్క పక్కన ఒకే ఒక్క నల్ల గడి.
పొయ్యిగొట్టం నీడ కావచ్చు.
నేను కుక్కే అనుకున్నాను.

‘ఈ వంకరెందుకు?’ అన్నాడు ఇంజనీరు ఝార్గల్.
‘తిన్నగా పోతే పదకొండు మీటర్ల తారు మిగులుతుంది.’
నా దగ్గరున్న ఫారంలో
భయానికి సంకేత సంఖ్య లేదు.
నోరు మెదపకుండా గీత తిన్నగా చేశాను.
శరత్కాలానికి బస్సొచ్చింది,
నలభై నిమిషాల నడక ఎనిమిదికి దిగింది,
నా పేరు కూడా ఎవరో మెచ్చుకున్నారు.

మళ్ళీ మే.
కొత్త చిత్రంలో నల్లగా, నిటారుగా తారు.
దాని పక్కనే, సన్నగా,
అదే వంపు.

నీళ్ళ బండిని బస్సెక్కనివ్వరు కదా.
తారు మీద చక్రం జారుతుందంటుంది ఖోర్లో అవ్వ.
జారుతుందేమో.
యంత్రం ఆ చోటికి మళ్ళీ బూడిద పూసింది.
నేను చెరిపేశాను.
ఏ రంగెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు.